పీచ్ తోటలో ఇంటివాళ్ల పని: కాలిఫోర్నియా పంజాబీ రైతు కుటుంబాల లెక్క

కాలిఫోర్నియాలో యూబా సిటీ చుట్టుపక్కల పీచ్ తోటలున్న పంజాబీ ఇళ్లలో పిల్లలకు రెండు క్యాలెండర్లు ఉంటాయి. ఒకటి బడిది, రెండోది తోటది. రెండూ ఒకదానికొకటి అడ్డం పడుతూనే ఉంటాయి. పిందెలు పలచన చేసే పని ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది, అవి పరీక్షల రోజులు. కోత జూలై మధ్యలో మొదలై సెప్టెంబరు మధ్య దాకా సాగుతుంది, బడులేమో ఆగస్టులోనే తెరుస్తారు. చలికాలం సెలవులు కొమ్మల కత్తిరింపులకు సరిపోతాయి. శనివారాలు, తెల్లవారుజాములు, బడి వదిలాక మిగిలే వెలుతురు, ఇవన్నీ కలిపితే ఏడాదికి కొన్ని వందల గంటల పని. ఆ గంటలు తోట జమాఖర్చుల్లో ఎక్కడా కనపడవు.

కూలికి వచ్చినవాళ్లు ఒకటి రెండు తరాల్లో తోటల యజమానులు ఎలా అయ్యారని అడిగితే కష్టపడ్డారని, పొదుపు చేశారని చెబుతారు. ఆ మాట నిజమే కానీ దానితో లెక్క పూర్తి కాదు. ఏ పని ఇంటివాళ్లు చేశారు, ఏ పనికి డబ్బు పెట్టారు, నేల ఎవరి పేరున ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చూస్తేనే ఈ కుటుంబాలు ఎలా నిలబడ్డాయో, ఇప్పుడు ఎక్కడ చీలుతున్నాయో తెలుస్తుంది.

నేల ఎవరి పేరున

ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికా పడమటి తీరానికి చేరిన పంజాబీల్లో ఎక్కువమంది రైతు కుటుంబాల వాళ్లే. జలంధర్, హోషియార్‌పూర్ ప్రాంతాల నుంచి చాలామంది వచ్చారు. అక్కడ అన్నదమ్ముల పంపకాలతో కమతాలు చిన్నవైపోయాయి. ఇక్కడ మొదట కలప మిల్లుల్లో, రైలు మార్గాల మీద పనిచేశారు. 1907 సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో తెల్ల కార్మికుల గుంపు వాళ్లను కొట్టి ఊరు దాటించింది. తర్వాత చాలామంది కాలిఫోర్నియా శాక్రమెంటో లోయలోని వరి పొలాలకు, పండ్ల తోటలకు, మెక్సికో సరిహద్దు దగ్గరున్న ఇంపీరియల్ లోయ పత్తి చేలకు చేరారు.

పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొనకూడదని, కౌలు మూడేళ్లు దాటకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. 1920లో కౌలు దారి కూడా మూసేసింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వ చట్టం చెప్పే ‘తెల్లవారు’ కారని తేల్చడంతో ఈ నిషేధం పంజాబీల మీద పూర్తిగా పడింది. దానికితోడు 1917 వలస చట్టం వల్ల ఊళ్లో ఉన్న భార్యల్ని తెచ్చుకునే వీలు పోయింది. ఇంపీరియల్ లోయలో కొన్ని వందలమంది మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. ఆ పిల్లలు అమెరికాలో పుట్టారు కనుక పుట్టుకతోనే పౌరులు. భూమి ఆ పిల్లల పేరున రాసి తండ్రి సంరక్షకుడిగా సాగుచేసేవాడు. పిల్లలు లేనివాళ్లు నమ్మకమున్న తెల్ల రైతు పేరునో, వకీలు పేరునో, బ్యాంకరు పేరునో పెట్టి నోటిమాట మీద సేద్యం చేశారు. నేల దున్నేవాడి పేరు కాగితంలో లేదు, కాగితంలో పేరున్న పసివాడికి నేల మీద అధికారం లేదు.

1946లో లూస్–సెల్లర్ చట్టం భారతీయులకు పౌరసత్వపు దారి తెరిచింది, ఏడాదికి 100 మంది వలసకు కోటా ఇచ్చింది. భూమి చట్టాన్ని రాష్ట్ర సుప్రీంకోర్టు 1952లో కొట్టేసింది, 1956లో ఓటర్లు దాన్ని పూర్తిగా రద్దు చేశారు. అదే 1956లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైన దలీప్ సింగ్ సౌంద్ ఇంపీరియల్ లోయ రైతు. గణితంలో డాక్టరేట్ ఉన్నా 1949 దాకా ఆయనకు పౌరసత్వం రాలేదు.

1965 వలస చట్టం తర్వాత బంధువుల్ని పిలిపించుకోవడం సాధ్యమైంది. యూబా సిటీ పెద్ద పంజాబీ స్థావరంగా పెరిగింది ఆ తర్వాతే. తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇంజనీర్లుగా, వైద్యులుగా, తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగులుగా అమెరికా వెళ్లారు. అందుకే ఈ రైతు దారి మనకు అంతగా పరిచయం లేదు. గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి తుంగభద్ర ఆయకట్టుకు వెళ్లి సింధనూరు, గంగావతి ప్రాంతాల్లో క్యాంపులు కట్టుకున్న కుటుంబాల వారికి మాత్రం ఇందులో చాలా సంగతులు తెలిసినవిగానే అనిపిస్తాయి.

యూబా సిటీలో వరుస దాదాపు ఇలా నడిచింది. మొదట కత్తిరింపులకు, కోతలకు కూలి. తర్వాత ముఠాను పోగుచేసి తోటలకు పంపే మేస్త్రీ పని. ఆపైన కౌలు, లేదా పంటలో వాటా. చివరికి కొనుగోలు. వయసు మీరిపోయి, పిల్లలు వేరే పనుల్లో స్థిరపడిన పాత రైతుల తోటలు అమ్మకానికి వచ్చేవి. ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములు ఒకే ఇంట్లో ఉండి, అందరి కూలి ఒకే చోట వేసి, ముందుగా కట్టవలసిన సొమ్ము కూడబెట్టేవారు. ఆడవాళ్లలో చాలామంది పండ్లు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీల్లో, పండ్లు ఏరే షెడ్లలో పనిచేశారు. తోట డబ్బు ఏడాదికోసారి వస్తుంది, ఆ ఫ్యాక్టరీ జీతంతోనే ఇల్లు గడిచేది.

చెట్టు దగ్గర పని

ఇక్కడ పండేది ఎక్కువగా క్లింగ్ పీచ్. కండ టెంకను వదలకుండా పట్టుకుని ఉండే రకం. ఉడికినా ముక్క చెదరదు కనుక డబ్బాల్లో నింపడానికి ఇదే వాడతారు. ఫెదర్ నది ఒడ్డు ఒండ్రు నేలలు దీనికి బాగా నప్పాయి. 1955 డిసెంబరు 24న తెల్లవారకముందే కట్ట తెగి యూబా సిటీని ముంచింది కూడా ఆ నదే.

పాత పద్ధతిలో చెట్లను 18 అడుగులకు 20 అడుగుల ఎడంలో నాటుతారు, అంటే ఎకరానికి 121 చెట్లు. నాటిన వెంటనే మొక్కను మోకాలి ఎత్తుకు నరికేసి, మూడు నాలుగు ప్రధాన కొమ్మలు గిన్నె ఆకారంలో విచ్చుకునేలా పెంచుతారు. మూడో ఏట కాపు మొదలవుతుంది. తోట ఆయుష్షు 15 నుంచి 20 ఏళ్లు. పిల్లవాడు బడిలో చేరినప్పుడు నాటిన చెట్లను పెళ్లీడుకు వచ్చేసరికి పెరికేయాల్సి వస్తుంది.

పీచ్ కాయలు కిందటి ఏడు ఎదిగిన రెమ్మల మీదే కాస్తాయి. ఈ ఒక్క లక్షణం వల్లే పని ఇంత పెరుగుతుంది. ఏటా కొత్త రెమ్మలు రావాలంటే ఏటా కత్తిరించాలి. కత్తిరించకుండా వదిలేస్తే కాపు చెట్టు పైకి, కొమ్మల చివర్లకు పోతుంది. నడిమి భాగం నీడకు ఎండిపోతుంది, పైనున్న కాయ కోయడానికి నిచ్చెన పొడవు పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు చేసే తప్పు ఒకటే: చేతికి అందే చోట ఎక్కువ కోస్తారు, పైన వదిలేస్తారు. చెయ్యాల్సింది దానికి సరిగ్గా తిరగేసి. పైన గట్టిగా కోస్తే వెలుతురు కిందికి దిగుతుంది, వచ్చే ఏడు కింద రెమ్మ వస్తుంది.

ఆకు రాలాక, మొగ్గ ఉబ్బకముందు రాగి మందు పిచికారీ చేయాలి. లేకపోతే వసంతంలో ఆకుముడత తెగులు వస్తుంది. ఆకు ముడత పడ్డాక కొట్టిన మందు పనిచేయదు. పూత ఫిబ్రవరి చివర, మార్చిలో. పూత మీద వానలు పడితే కుళ్లు తెగులు పువ్వులోంచి రెమ్మలోకి దిగుతుంది, అదే కోతకు ముందు కాయ మీద మళ్లీ తేలుతుంది.

అసలు పని పిందెలు పలచన చేయడం. ఎకరానికి 18 టన్నుల దిగుబడి అనుకుంటే, అమెరికా టన్ను 2,000 పౌన్లు కనుక, 36,000 పౌన్లు, చెట్టుకు దాదాపు 300 పౌన్లు (పౌను అంటే అర కిలోకు కాస్త తక్కువ). పౌనుకు మూడు కాయలు తూగాలంటే చెట్టు మీద సుమారు 900 కాయలు నిలవాలి. చెట్టు కట్టే పిందెలు అంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. మిగతావన్నీ చేత్తో తీసేయాల్సిందే. రెమ్మ మీద కాయకు కాయకు జానెడు కన్నా కాస్త తక్కువ, ఆరంగుళాల ఎడం ఉంచాలి. జంట పిందెలు, గిడసబారినవి ముందు తీయాలి. బలమైన రెమ్మకు నాలుగైదు వదలవచ్చు, సన్నని రెమ్మకు ఒకటి చాలు. పిందెను లాగకూడదు, మెలితిప్పి తీయాలి. లాగితే రెమ్మ తోలు కూడా ఊడి వస్తుంది.

చెట్టు కింద నేలంతా పచ్చగా కప్పేసిన పిందెల్ని చూస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. పెద్దవాళ్లకే చెయ్యాడదు, పిల్లలు మరీ దయ చూపుతారు. ఆ దయకు ఆగస్టులో మూల్యం చెల్లించాలి. కాయ చిన్నదైపోతుంది, సుమారు 2⅜ అంగుళాల వ్యాసం లేని కాయను ఫ్యాక్టరీ తిరగ్గొడుతుంది. బరువుకు కొమ్మ విరుగుతుంది. విరిగిన ప్రధాన కొమ్మ ఆ ఏటి నష్టంతో పోదు, చెట్టు బతికున్నంత కాలం ఆ వైపు కాపు ఉండదు. అలాగని మరీ ముందుగా, మరీ ఎక్కువగా తీసేసి నీళ్లు, నత్రజని దండిగా ఇచ్చినా చిక్కే. టెంక గట్టిపడే సమయంలో కాయ ఒక్కసారిగా ఊరి లోపల టెంక చీలుతుంది. టెంక పెంకులు డబ్బాలోకి వెళ్తే తినేవాళ్ల పళ్లు విరుగుతాయి కాబట్టి ఫ్యాక్టరీ తనిఖీలో దీన్ని పెద్ద లోపంగా లెక్కిస్తారు. ఏ రోజున ఏ సైజు ఉండాలో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. కాయను కొన వైపు నుంచి కత్తితో కోసి చూస్తుంటారు. టెంక కొన కత్తికి గట్టిగా తగిలిన రోజు నుంచి పది రోజులు లెక్కపెట్టి, ఆ రోజు కాయలు కొలుస్తారు. అప్పటి సైజును బట్టి కోతనాటి సైజు చాలావరకు చెప్పేయవచ్చు. ఇంకా ఎంత పలచన చేయాలో ఆ కొలతే చెబుతుంది.

కోతలో మూడు కాళ్ల నిచ్చెన, మెడకు తగిలించుకునే సంచి, 1,000 పౌన్లు పట్టే బిన్ అనే పెద్ద పెట్టె. ఎరుపు లేనిచోట కాయ తొక్క అసలు రంగు ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరిగిందా అని చూసి కోయాలి, ఎర్రటి చెంప చూసి మోసపోకూడదు. ఒకే చెట్టుకు రెండు మూడు సార్లు తిరగాలి. నూగు ఒంటికి అంటితే దురద, చెమట పడితే మరీ ఎక్కువ. 100 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా తప్పదు. కోతకు ఇంటివాళ్లు చాలరు, మెక్సికో నుంచి వచ్చిన కూలీల ముఠాలు చేస్తాయి. పిల్లలకు దక్కేది బిన్ల లెక్క రాసే పని. ఎవరు ఎన్ని బిన్లు నింపారో చీటీల మీద రాయాలి. తేలికగా కనిపిస్తుంది కానీ తప్పు జరిగితే అది ఒక కూలివాడి రోజు సంపాదన. బిన్ లెక్కన కూలి ఇచ్చేచోట విశ్రాంతి సమయానికి విడిగా డబ్బు కట్టాలని 2016 నుంచి కాలిఫోర్నియా చట్టం ఉంది. కాబట్టి చీటీ మీద బిన్లతో పాటు విరామాలు కూడా రాయాలి.

జీతం లేని గంటల విలువ

పిందెలు పలచన చేయడానికి చెట్టుకు 20 నిమిషాలు పట్టిందనుకుందాం. ఎకరానికి 40 గంటలు, 20 ఎకరాలకు సుమారు 800 గంటలు. 2025లో కాలిఫోర్నియా కనీస కూలి గంటకు 16.50 డాలర్లు. అంటే ఈ ఒక్క పనికే 13,000 డాలర్లకు పైన, బీమా, పన్నులు కాక. ఇంట్లో నలుగురు ఆరు వారాల పాటు శని, ఆదివారాల్లో ఎనిమిదేసి గంటలు చేస్తే 384 గంటలు. అంటే దాదాపు సగం ఖర్చు ఇంట్లోనే ఆగిపోయింది. దీనికి కత్తిరింపులు, కొమ్మలకు ఊత కర్రలు పెట్టడం, నీళ్లు తిప్పడం కలపాలి. అప్పు తీర్చిన డబ్బులో పెద్ద భాగం ఇదే.

ధర పడిపోయిన ఏడాది కూలి పెట్టుకునే పెద్ద సంస్థ నష్టపోతుంది, ఈ కుటుంబం మాత్రం తట్టుకుంటుంది. తనకు తాను జీతం ఇచ్చుకోలేదు కనుక. ఇది బలమే, కానీ కళ్లు కప్పే బలం. తోట నిజంగా లాభంలో ఉందా, పిల్లల పని వల్ల లాభంలో ఉన్నట్టు కనిపిస్తోందా అన్నది లెక్క పుస్తకం చెప్పదు. ఇంటివాళ్ల గంటల్ని కూడా కూలి ధరకు ఖర్చు వైపు రాసి చూడాలి. అలా రాసినప్పుడు నష్టం తేలిన బ్లాకును (ఒకేసారి నాటిన చెట్ల భాగాన్ని) మళ్లీ పీచ్‌తో నాటడం తప్పు. పదిహేనేళ్ల తర్వాత ఆ పని చేయడానికి ఆ పిల్లలు ఇంట్లో ఉండరు.

లెక్కలోకి రాని ఇంకో పని కాగితాలది. కాలిఫోర్నియాలో పిచికారీ చేసిన ప్రతి మందు వివరాలూ మరుసటి నెల 10వ తేదీలోగా కౌంటీ (జిల్లా లాంటిది) వ్యవసాయ కమిషనర్‌కు పంపాలి. మందు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఎకరాలు, మోతాదు, తేదీ అన్నీ ఉండాలి. పంజాబీలో లేబుల్ ఉండదు. మందు కొట్టాక ఎన్ని గంటల దాకా తోటలోకి అడుగుపెట్టకూడదో, కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో ఇంగ్లిష్ చదివి నాన్నకు చెప్పేది పన్నెండేళ్ల పిల్లే కావచ్చు. రోజులు, గంటలు అన్న రెండు మాటలు తారుమారైతే ఫ్యాక్టరీ మొత్తం సరుకును వెనక్కి పంపవచ్చు. లేబుల్ చదివే బాధ్యత పిల్లల మీద వదిలేయకుండా, తోటలో వాడే ఏడెనిమిది మందులకు ఈ రెండు గడువులు పంజాబీలో పెద్ద అక్షరాలతో రాసి షెడ్డు తలుపుకు అంటించుకోవడం మంచి పద్ధతి.

చట్టం ఎక్కడ ఆగుతుంది

సొంత తల్లిదండ్రుల తోటలో పిల్లలు ఏ వయసులోనైనా పని చేయడానికి అమెరికా ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. బయటివాళ్ల పొలంలో 16 ఏళ్ల లోపు వాళ్లకు నిషేధించిన ప్రమాదకర పనులకు కూడా తల్లిదండ్రుల దగ్గర మినహాయింపు ఉంది. 20 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టరు నడపడం, 20 అడుగులకు మించిన ఎత్తులో నిచ్చెన మీద పనిచేయడం, తీవ్ర విషపు మందులు కలపడం ఆ జాబితాలోవే. బడి వేళల్లో పని మాత్రం కాలిఫోర్నియాలో కుదరదు.

ఉమ్మడి కుటుంబాలు ఇక్కడే పొరబడతాయి. ఆ మినహాయింపు తల్లిదండ్రులకు, లేదా వాళ్ల స్థానంలో ఉండి పెంచుతున్నవాళ్లకు. పక్కనే ఉన్న బాబాయి తోటలో, మేనమామ తోటలో పనిచేసే పిల్లవాడికి అది వర్తిస్తుందని అనుకోకూడదు. ఇంట్లో అందరిదీ ఒకటే తోట అనుకున్నా చట్టం దృష్టిలో అవి వేరు వేరు యజమానుల పొలాలు.

అనుమతి ఉన్నంత మాత్రాన ప్రమాదం తగ్గదు. ట్రాక్టరు ఇంజను శక్తిని వెనక తగిలించిన యంత్రానికి అందించే పీటీఓ కడ్డీ నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు తొమ్మిది సార్లు తిరుగుతుంది. చున్నీ కొస గానీ, చొక్కా చేయి గానీ చుట్టుకుంటే చేయి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. కడ్డీ మీద తొడుగు లేకుండా స్ప్రేయర్ తగిలించకూడదు. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని ట్రాక్టరు తోలే అలవాటు పంజాబ్‌లోనూ ఉంది, మన ఊళ్లలోనూ ఉంది. తోటలో వంగిన కొమ్మ ఒక్కటి చాలు, పిల్లవాడు చక్రం కిందికి జారడానికి. ఈ ఒక్క అలవాటు మానితే చాలా ప్రాణాలు దక్కుతాయి. ఎండ విషయంలో కాలిఫోర్నియా 2005లోనే నియమాలు తెచ్చింది: మనిషికి గంటకు సుమారు లీటరు నీళ్లు, 2015 నుంచి 80 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే నీడ. కూలీల కోసం టెంటు వేసి, ఇంటి పిల్లల్ని మాత్రం ఎండలోనే తిప్పే తోటలు ఉన్నాయి. ఆ టెంటు అందరిదీ కావాలి.

పంట మారితే

పీచ్ డబ్బాల గిరాకీ తగ్గుతూ వచ్చింది. పెద్ద ఎత్తున పీచ్ కొనే రైతుల సహకార సంస్థ ట్రై వ్యాలీ గ్రోయర్స్ 2000లో దివాలా తీసింది. చాలా కుటుంబాలు వాల్‌నట్‌కు, బాదంకు మారాయి. బాదం చెట్టును యంత్రం పట్టి కొన్ని సెకన్లు కుదుపుతుంది, ఇంకో యంత్రం ఊడుస్తుంది, మరొకటి ఎత్తుతుంది. పిందెలు తీసే పని లేదు, నిచ్చెన లేదు. బాదం తోటలో పెరిగిన పిల్లలు ఆగస్టులో బడికి ఆలస్యం కారు. చెట్టును చూసి చెప్పే చూపు కూడా వాళ్లకు అంతగా అబ్బదు.

దీనికి డబ్బు వైపు కూడా ఒక ఫలితం ఉంది. బాదంలో ఖర్చులన్నీ నగదు ఖర్చులే: ఎకరానికి రెండు తేనెటీగల పెట్టెల అద్దె, నీళ్లు, కరెంటు, కోత యంత్రం కిరాయి, బ్యాంకు వడ్డీ. ధర పడినప్పుడు ఇంటివాళ్లు ఇంకో రెండు గంటలు ఎక్కువ పనిచేసి పూడ్చగలిగింది దాదాపు ఏమీ లేదు. 2014లో పౌనుకు 4 డాలర్ల దాకా పలికిన బాదం 2022కు ఒకటిన్నర డాలరు లోపుకు దిగింది. పీచ్ కాలంలో పనిచేసిన ఆ పాత రక్షణ లేకపోవడంతో మంచి ధరలప్పుడు అప్పు చేసి నాటిన కుటుంబాలు గట్టిగా దెబ్బతిన్నాయి.

వారసత్వం, కాగితం

తెలుగు నేల మీద హిందూ కుటుంబాల్లో పిత్రార్జితంలో పుట్టుకతోనే వాటా వస్తుంది. ఆంధ్రప్రదేశ్ చట్ట సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు కూడా ఆ హక్కు ఇచ్చింది. కాలిఫోర్నియాలో అలాంటి జన్మహక్కు లేదు. పట్టాలో పేరున్నవాళ్లదే భూమి, వాళ్లు ఎవరికి రాస్తే వాళ్లది. వీలునామా లేకపోతే చట్టం కొడుకుల్నీ కూతుళ్లనీ ఒకేలా చూస్తుంది, తోటలో ఎవరు పనిచేశారని అడగదు. ఫార్మసీ చదివి ఊరు వదిలిన చెల్లెలికీ, ఇరవై ఏళ్లు చెట్ల మధ్య గడిపిన అన్నకూ వాటా సమానం. చెల్లెలి హక్కు న్యాయమైనదే. అన్న ఇరవై ఏళ్ల పనికి కాగితం లేకపోవడమే ఇక్కడున్న లోపం. దాన్ని సరిచేయాల్సింది చెల్లెలి వాటా తగ్గించి కాదు, అన్న పనికి ఏటికేడు డబ్బు కట్టి.

పిల్లలకు జీతం ఇవ్వడం కష్టమేమీ కాదు. తోట తల్లిదండ్రుల సొంత పేరున గానీ, వాళ్లిద్దరే భాగస్వాములుగా గానీ ఉంటే 18 ఏళ్లలోపు సొంత పిల్లల జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు (ముసలితనపు పింఛను, వైద్యం కోసం జీతంలో కోసేవి) ఉండవు, ఆ జీతం తోట ఖర్చు కింద కూడా చూపవచ్చు. కంపెనీగా మార్చిన మరుక్షణం ఆ రెండు పన్నుల మినహాయింపు పోతుంది. గంటలు రాసిన పుస్తకం, చెక్కు ద్వారా చెల్లింపు, చేసిన పనికి తగిన రేటు ఉండాలి. 10 నుంచి 20 ఏళ్ల పిల్లలు సొంతంగా చిన్న సేద్యం ప్రాజెక్టు చేపడితే ఫెడరల్ వ్యవసాయ శాఖ 5,000 డాలర్ల దాకా రుణం ఇస్తుంది. రేపు పెద్ద రుణం అడిగినప్పుడు తోట నడిపిన అనుభవానికి అది రుజువుగా పనికొస్తుంది.

అన్నదమ్ములు ఉమ్మడిగా కొన్న భూమి రెండో తరానికి వచ్చేసరికి ఆరేడుగురు పెత్తండ్రి, పినతండ్రి పిల్లల చేతుల్లో విడదీయని వాటాలుగా ఉంటుంది. వాళ్లలో ఏ ఒక్కరైనా పంపకం కోసం కోర్టుకు వెళ్లవచ్చు, పంచడం కుదరదనిపిస్తే కోర్టు అమ్మమని చెప్పవచ్చు. కాబట్టి పెద్దలు ఉండగానే ఒప్పందం రాసుకోవాలి. తోటలో ఉండేవాళ్లు మిగతావారి వాటాలు కొనే హక్కు, ధర కట్టే పద్ధతి, సొమ్ము పది పదిహేనేళ్ల వాయిదాల్లో చెల్లించే వీలు అందులో ఉండాలి. ధర కట్టేటప్పుడు చెట్ల వయసు కూడా చూడాలి. పన్నెండేళ్లు దాటిన పీచ్ బ్లాకును కాపులో ఉన్న తోట ధరకు కొంటే, వాయిదాలు తీరకముందే చెట్లు పెరికి మళ్లీ నాటే ఖర్చు కూడా కొన్నవాడి మీదే పడుతుంది.